1972 అంబాసిడర్ మార్క్ 2 డ్రమ్ బ్రేక్ షూలు: కొత్తవి వెతకాలా, పాతవాటికే లైనర్ కొట్టించాలా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

బండి 1972 మార్క్ 2. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, ఏదీ మార్చలేదు. డ్రమ్ములు విప్పి చూస్తే పరిస్థితి ఇది:

ముందు షూల మీద లైనర్ (డ్రమ్ముకు రుద్దుకునే పొర) రివెట్ తలకు పైన 1 మి.మీ. కూడా లేదు. వెనుక ఎడమ షూలు నూనెతో తడిసి నల్లబడ్డాయి. ముందు కుడి డ్రమ్ములో గోరు పెట్టి గీస్తే గాడులు తగులుతున్నాయి.

స్పేర్ పార్టుల షాపుల్లో రెండు రకాల జవాబులొస్తున్నాయి. ఒకరు "అవి ఇప్పుడు రావు" అంటారు, ఇంకొకరు "అంబాసిడర్‌కు ఏ మోడలైనా ఒకటే, పట్టుకుపో" అంటారు. రెండోదే నాకు భయంగా ఉంది. ఆర్.సి. రెన్యువల్‌కు బండి చూపించే లోపు పని అయిపోవాలి. కొత్త సెట్టు కోసం హైదరాబాదో బెంగళూరో పోవాలా, ఇక్కడే లైనర్ కొట్టించుకుంటే సరిపోతుందా?

పానా_పెట్టె (అనంతపురం)

అన్నా, "ఏ మోడలైనా ఒకటే" అన్నాయన దగ్గర కొనొద్దు. అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా తయారైంది. ఆ మధ్యలో ఇంజన్లు మారాయి, బ్రేకులూ మారాయి, చివరి రకాల్లో కొన్నిటికి ముందు డిస్కులు కూడా వచ్చాయి. పైగా యాభై ఏళ్ల బండికి ఎవరు ఏ యాక్సిల్ వేసి ఉంటారో తెలియదు. కాబట్టి మోడల్ పేరు చెప్పి షూ అడగొద్దు, కొలత చెప్పి అడగండి. షాపుకు పోయే ముందు కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి:

డ్రమ్ము లోపలి వ్యాసం. అంచు దగ్గర అరగని పెదవి ఉంటుంది, అక్కడ కొలిస్తే అసలు సైజు దగ్గరగా తెలుస్తుంది. షూ రుద్దుకునే చోట కొలిస్తే ఇప్పటి సైజు. రెండూ కావాలి.

షూ వెడల్పు, లైనర్ పొడవు. పొడవు వంపు వెంబడి టేపు పెట్టి తీయాలి, సూటిగా కాదు.

రివెట్ రంధ్రాలు ఎన్ని, ఏ వరసలో ఉన్నాయి.

షూ రెండు కొసల ఆకారం. పిస్టన్‌లో కూర్చునే కొస ఒక రకంగా, ఆనుకునే కొస ఇంకో రకంగా ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. వ్యాసం, వెడల్పు సరిపోయి కొస మందం తేడా ఉంటే షూ గాడిలో వదులుగా ఊగుతుంది, లేదా సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తుంది.

స్ప్రింగు రంధ్రాలు ఎక్కడున్నాయి. వెనుక షూలకైతే హ్యాండ్ బ్రేక్ లివర్ దూరే గాడి కూడా.

తెల్లకాగితం మీద షూ పడుకోబెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీయండి. ఆ కాగితం ఫోటో తీసి ఏ ఊరి షాపుకైనా పంపొచ్చు. పక్కన స్కేలు పెట్టడం మర్చిపోవద్దు.

ఇంకో మాట. పాత షూలను ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వొద్దు. లైనర్ ఎప్పుడైనా దొరుకుతుంది, ఆ ఇనప షూ దొరకదు.

మార్క్4_డీజిల్ (ఆదోని)

నూనె తడిసిన షూలకు అంత దిగులెందుకు? పెట్రోలు పోసి కడిగి, ఒకసారి అంటించి కాల్చి, ఉప్పుకాగితంతో రుద్దితే మళ్లీ పట్టుకుంటాయి. అందరూ చేసేదే కదా.

ఇనప_పొట్టు (తాడిపత్రి)

అందరూ చేస్తారు, అందుకే అందరి బండ్లూ ఒక పక్కకు లాగుతాయి. లైనర్ అంటే గట్టిగా అదిమిన పొడి, స్పాంజి మాదిరి నూనె లోపలికి తాగుతాది. పైన కాల్చితే పైనుండేది పోతాది. నాలుగు సార్లు గట్టిగా బ్రేకు తొక్కినాక వేడికి లోపలిది మళ్ల పైకి తేలుతాది. మంటకు లైనర్‌లో ఉండే బంక కూడా మాడి పొడి రాలుతాది. తడిసిన లైనర్ పారేయాల్సిందే. ఒక చక్రానిది పారేస్తే అదే యాక్సిల్ రెండో చక్రానిది కూడా మార్చాల. ఒక పక్క కొత్తది, ఇంగో పక్క పాతది పెడితే బండి యాడికి పోతాదో దానికే తెలీదు.

బురుజన్నా, ముందు ఆ నూనె యాడిదో కనుక్కో. లైనర్ కొత్తది వేసి కారేదాన్ని అట్లే వదిలేస్తే వారానికి మళ్ల మొదటికే. ఒక గిన్నెలో నీళ్లు పోసి, తడిని గుడ్డతో తుడిచి ఆ గుడ్డ నీళ్లలో ముంచు. నీళ్లలో కలిసిపోతే బ్రేక్ ఆయిల్, అంటే వీల్ సిలిండరు (చక్రం కాడ షూలను తోసేది) కారుతాంది. పైన రంగులు రంగులుగా తేలితే యాక్సిల్ ఆయిల్, అంటే హబ్ సీలు పోయింది. గేర్ ఆయిల్‌కు గంధకం కంపు కూడా ఉంటాది, ముక్కుకే తెలిసిపోతాది. సీలు పోయినప్పుడు యాక్సిల్ హౌసింగ్ గాలి రంధ్రం కూడా చూడు. అది మట్టితో పూడిపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలు నుంచి కూడా ఆయిల్ తోస్తాది. మన బేతంచెర్ల పక్క నాపరాయి దుమ్ములో తిరిగిన బండ్లకు ఇది మామూలే.

పాత లైనర్ల దుమ్ము గాలిగొట్టంతో ఊదొద్దు. పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉండేది. సబ్బునీళ్లు చల్లి తడిగుడ్డతో తుడువు, మూతికి మాస్కు కట్టుకో.

గువ్వలచెరువు_కోవా (కడప)

కొత్త షూలు వెతకాలనే ఉంటే వెతికే దారి చెప్తా. బెంగళూరు జె.సి. రోడ్డు, చెన్నై జి.పి. రోడ్డు, హైదరాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్. ఇవన్నీ పెద్ద మార్కెట్లే, పాత స్టాకు అడుగున పడి ఉండే చోట్లు. విప్పిన సెకండ్‌హ్యాండ్ సామానుకు చెన్నై పుదుప్పేట. అంబాసిడర్ పుట్టిల్లు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడా, అందుకే కోల్‌కతా మల్లిక్ బజార్ పేరు కూడా వినిపిస్తుంటుంది. అందరికీ ముందు పైన చెప్పిన కాగితం ఫోటో పంపించి, వాళ్ల షూను కూడా స్కేలు పక్కన పెట్టి ఫోటో అడగండి. సామాను ఆర్టీసీ కార్గోలో తెప్పించుకోవచ్చు, మనిషి పోనక్కర్లేదు.

అయితే అట్టపెట్టెలో ముప్పై ఏళ్లు ఉన్న "కొత్త" షూ కొత్తది కాదు. లైనర్ కింద ఇనుము తుప్పు పట్టి ఉబ్బితే లైనర్ లేస్తుంది. ఇట్లా చూడాలి: షూను వేలికి తగిలించి చిన్న సుత్తితో లైనర్ మీద తట్టండి. గట్టిగా అంటి ఉంటే కణకణ మోగుతుంది, లేచి ఉంటే పగిలిన కుండ మాదిరి డొల్ల మోత వస్తుంది. అంచున బ్లేడు దూరిందంటే వద్దు. పైన అద్దంలా మెరుస్తుంటే అది కూడా మంచిది కాదు. ఏ రకంగా చూసినా అలాంటి షూకు మళ్లీ లైనర్ వేయించాల్సిందే. అట్లాంటప్పుడు మీ దగ్గర ఉన్నదానికే వేయించుకుంటే పోలా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

గుడ్డ పరీక్ష చేశాను. నీళ్లలో కలిసిపోయింది, కాబట్టి వెనుక ఎడమ వీల్ సిలిండరే.

డ్రమ్ములు నాలుగు చోట్ల కొలిచాను. ముందు కుడి డ్రమ్ములో ఎక్కువకూ తక్కువకూ తేడా 0.3 మి.మీ. ఉంది. పెదవి దగ్గరి కొలత కంటే రుద్దుకునే చోట 0.7 మి.మీ. పెద్దది. ముందు ఎడమ 0.4 పెద్దది, గుండ్రంగానే ఉంది. వెనుకవి రెండూ బాగున్నాయి. డ్రమ్ము లేతు పట్టించవచ్చా, పారేయాలా?

ఇనప_పొట్టు (తాడిపత్రి)

పట్టించొచ్చు. కార్ల డ్రమ్ములకు మామూలుగా అసలు వ్యాసం మీద 1.5 మి.మీ. దాకా, మా లెక్కలో 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), కోయొచ్చు. డ్రమ్ము మీదే హద్దు అచ్చు వేసి ఉంటే అదే మాట. నీ కుడి డ్రమ్ము గుండ్రం కావాలంటే మొత్తం 1 మి.మీ. చిల్లర అవుతాది. ఎడమది కూడా అదే సైజుకు కోయించు. రెండు పక్కలకూ పావు మిల్లీమీటరుకు మించి తేడా ఉండగూడదు. ఒకటే కోయించి, రెండోది బాగుందని వదిలేస్తే మళ్ల లాగుడే.

లేతు కాడ నిలబడి ఈ నాలుగు చూసుకో.

డ్రమ్మును చక్కులో (లేతు దవడల్లో) బిగించి కోస్తే ఒప్పుకోవద్దు. మూడు దవడలు అదిమిన చోట డ్రమ్ము లోపలికి వంగుతాది. గుండ్రంగా కోసి విప్పితే మూడు మూలలుగా తిరిగి లేస్తాది. హబ్బుకు కూర్చునే మధ్య రంధ్రం, వెనకాల ముఖం ఆధారంగా మాండ్రెల్ (మధ్య రంధ్రంలో దూరే కడ్డీ) మీద పట్టి కోయాల.

బయట చుట్టూ పాత ట్యూబు రబ్బరు బిగించి కట్టాల. లేకుంటే కోసేటప్పుడు డ్రమ్ము గంట మాదిరి మోగి లోపల అలలు పడతాయి.

ఆఖరి కోత సన్నగా, నిదానంగా పోవాల. టూలు వేగంగా జరిగితే లోపల మరచుట్టు మాదిరి గీత పడతాది. బ్రేకు తొక్కినప్పుడు షూ ఆ గీత వెంబడి పక్కకు ఎక్కి, ఒక్కసారి టక్కున కిందికి దూకుతాది. "కొత్త లైనర్ వేసినాక టక్ టక్ అంటాంది" అనే ఫిర్యాదుల్లో చానా ఇదే. కోత అయినాక 80 నంబరు ఎమరీ పేపరు అడ్డదిడ్డంగా రుద్దితే గీత తెగిపోతాది.

అంచున ఉన్న పెదవి కూడా తీసేయమను.

అన్నిటికన్నా ముఖ్యం, డ్రమ్ము పని అయినంక షూ పని. ముందే లైనర్ కొట్టించి తర్వాత డ్రమ్ము కోయిస్తే ఆ లైనర్ వంపు డ్రమ్ముకు కుదరదు.

ప్రొద్దుటూరు_పద్మిని (ప్రొద్దుటూరు)

ఇక్కడ ఫియట్. కొలతలు వేరైనా సమస్య ఇదే. రివెట్ లైనరా, అతికించే లైనరా? ఊళ్లో లారీ షూలకు రివెట్ కొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, అతికించేవాళ్లు కనపడరు.

పానా_పెట్టె (అనంతపురం)

రెండూ పనికొస్తాయి, ఎవరు చేస్తారన్నదే ప్రశ్న.

అతికించిన లైనర్‌ను దాదాపు చివరి దాకా వాడుకోవచ్చు, డ్రమ్మును గీరే రివెట్ ఉండదు. కానీ దానికి షూ ఇనుమును తెల్లగా మెరిసేదాకా గరుకు చేసి, నూనె చుక్క లేకుండా కడిగి, బంక రాసి, క్లాంపుతో అదిమి ఓవెన్లో నిర్ణీత వేడిలో కాల్చాలి. వేడికి కొలత, గడియారం లేని చోట చేయించొద్దు. బంక వదిలితే లైనర్ మొత్తం ఒకే ముక్కగా లేచి డ్రమ్ములో ఇరుక్కుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది.

రివెట్ పని కళ్లతో చూసి తప్పు పట్టగలిగిన పని. ఒక రివెట్ వదులైనా మిగతావి పట్టుకుంటాయి. నష్టమేమంటే, రివెట్ తల దాకా అరగకముందే మార్చాలి. తల పైన 1.5 మి.మీ. మిగిలినప్పుడే మార్చుకోవడం నా లెక్క.

కర్నూలు, కడపల్లో ఉండేవాళ్లకు నా ఓటు రివెట్‌కే. అయితే లారీ లైనర్ కోసి, పలుచగా గీకి కారు షూకు కొట్టనీయొద్దు. లారీ బ్రేకు వెనుక గాలి ఒత్తిడి ఉంటుంది కాబట్టి గట్టి లైనర్ పనిచేస్తుంది. మన బండిలో ఉన్న బలం కాలిదొక్కటే. ఆ లైనర్‌తో పెడల్ రాయిలా ఉంటుంది, బండి ఆగదు, డ్రమ్ము మాత్రం బాగా అరుగుతుంది.

లైనర్ అంచున అచ్చు చూడండి. కంపెనీ పేరు, గ్రేడు నంబరు తర్వాత రెండు అక్షరాల గుర్తు ఉంటుంది. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కినప్పటి పట్టు. ఇ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. కారుకు ఎఫ్ఎఫ్ హాయిగా సరిపోతుంది. రెండో అక్షరం మొదటిదానికన్నా తగ్గితే ఘాట్‌లో పట్టు తగ్గుతుందని అర్థం. రాణే, సుందరం లాంటి మద్రాసు కంపెనీల లైనర్లు మన పక్క పరిచయమే. ఏ కంపెనీదైనా ఒక యాక్సిల్‌కు నాలుగు ముక్కలూ ఒకే గ్రేడువి, ఒకే పెట్టెలోవి కావాలి. అచ్చే లేని లైనర్ ఎంత చవకైనా వద్దు.

గువ్వలచెరువు_కోవా (కడప)

ఒక్క విషయంలో పానా అన్నతో ఒప్పుకోను. రాయచోటి దారిలో మా గువ్వలచెరువు ఘాట్, కర్నూలు వాళ్లకైతే శ్రీశైలం పోయే దారిలో ఆత్మకూరు–దోర్నాల ఘాట్. వీటిలో తరచూ దిగే బండికి, సరైన చోట అతికించింది దొరికితే అదే మేలు. రివెట్ గుంతల్లో దుమ్ము చేరి గట్టిపడి డ్రమ్ములో వలయాలు కోస్తుంది.

పానా_పెట్టె (అనంతపురం)

"సరైన చోట దొరికితే" అన్నారు చూడండి, నా పేచీ అంతా అక్కడే. అతికించడానికి పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: షూ మీద పెన్నుతోనో పెయింటుతోనో రాసిన గుర్తు ఓవెన్లో మాడిపోతుంది. ఏ షూ ఏ చక్రానిదో పంచ్‌తో చుక్కలు కొట్టి పంపండి. ముందు ఎడమ పైది ఒక చుక్క, కిందిది రెండు, అలా.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

రివెట్‌కే వెళ్తున్నాను. డ్రమ్ములు లేతుకు ఇచ్చాను. లైనర్ కొట్టే చోట ఏం చూసుకోవాలి?

ఇనప_పొట్టు (తాడిపత్రి)

పాత రివెట్లు ఉలితో నరకనీయొద్దు. ఉలి దెబ్బకు షూ పళ్లెం వంగుతాది, రంధ్రం సాగుతాది. వెనకాల విరిసిన కొసను డ్రిల్లుతో తీసేసి పంచ్‌తో తట్టితే ఊడొస్తాది. సాగిన రంధ్రంలో కొత్త రివెట్ ఎంత కొట్టినా ఊగుతాది.

ఖాళీ షూను చదును రాయి మీద నిలబెట్టి చూడు, మెలిక ఉంటే తెలుస్తాది. వెనుక షూల్లో హ్యాండ్ బ్రేక్ లివర్ గాడి అరిగుంటే వెల్డింగ్ నింపి ఆకురాయి పట్టాల.

రివెట్ ఇత్తడిది లేకుంటే రాగిది. ఇనపది వద్దే వద్దు. 5 మి.మీ. లైనర్‌కు తల 3 మి.మీ. లోతుకు దిగి, తల కింద 2 మి.మీ. దాకా లైనర్ మిగలాల. తక్కువ మిగిలితే అక్కడ పగులుతాది, ఎక్కువ మిగిలితే తల తొందరగా పైకి తేలుతాది.

కొట్టే వరస మధ్య రివెట్ నుంచి రెండు కొసలకు. కొసల నుంచి మొదలుపెడితే మధ్యలో లైనర్ ఉబ్బి గాలి నిలుస్తాది. అంతా అయినాక లైనర్‌కూ షూకూ మధ్యన 0.1 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే సన్న రేకు) దూరగూడదు.

లైనర్ రెండు కొసలూ ఏటవాలుగా గీకాల, 45 డిగ్రీలు కాదు, ఇంకా చదునుగా. వాడి అంచు వదిలితే బ్రేకు కీచుమంటాది, ఒక్కోసారి టక్కున పట్టేస్తాది.

మార్క్4_డీజిల్ (ఆదోని)

చదును రాయి అంటే కడప బండ చాలు కదా, ప్రతి ఇంట్లో ఉంటాది.

ఇనప_పొట్టు (తాడిపత్రి)

కడప బండ మీద పడుకోను బాగుంటాది, కొలతకు పనికిరాదు. మా ఊళ్లో గ్రానైటు పాలిష్ ఫ్యాక్టరీల బయట పడేసే ముక్క తెచ్చుకో. దాని మీద స్కేలు నిలబెట్టి వెలుతురు దూరకుండా ఉందో లేదో చూసి మరీ వాడు.

పానా_పెట్టె (అనంతపురం)

లైనర్ కొట్టించాక చాలామంది వదిలేసే మెట్టు ఒకటుంది: వంపు కుదర్చడం. డ్రమ్ము 1 మి.మీ. పెరిగింది, షూ మాత్రం పాత వంపులోనే ఉంది. లైనర్ మీద తెల్ల సుద్ద నిండా రాసి, షూను చేత్తో డ్రమ్ములో పెట్టి అటూ ఇటూ రెండంగుళాలు జరపండి. సుద్ద ఎక్కడ చెరిగిందో చూడండి.

మధ్యలో మూడింట రెండు వంతులు చెరిగి, కొసల్లో మిగిలితే బాగుంది. కొసల దగ్గర 10 థౌ ఫీలర్ దూరినా ఫర్వాలేదు, వాడకంలో సర్దుకుంటుంది. మధ్యలో వేలెడంత చోటే చెరిగితే డ్రమ్ముకు తగ్గ మందపు లైనర్ వేసి, డ్రమ్ము వంపుకు గ్రైండ్ చేయించాలి. కొసలు మాత్రమే చెరిగి మధ్యలో సుద్ద అలాగే ఉంటే ఆ షూ బిగించొద్దు. కొస ముందు పట్టుకుంటే తిరిగే డ్రమ్మే షూను లోపలికి లాక్కుంటుంది, నెమ్మదిగా తొక్కినా చక్రం బిగుసుకుంటుంది.

ఇక బిగింపు.

ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పండి. విప్పని పక్కే మీకు పటం. ముందు చక్రానికి రెండు సిలిండర్లు, రెండు షూలూ లీడింగే. అంటే బండి ముందుకు పోయేటప్పుడు రెండు షూలనూ డ్రమ్ము తనలోకి లాక్కుంటుంది. సిలిండర్లు ఉండే బ్యాక్ ప్లేటు కుడికీ ఎడమకూ తారుమారైతే రెండూ వెనకబడ్డ షూలవుతాయి, పట్టు బాగా తగ్గిపోతుంది. ఇదే కారణంగా ముందు బ్రేకులు రివర్సులో బలహీనం. ఎత్తు రోడ్డు మీద వెనక్కి జారే బండిని ఆపేది ప్రధానంగా వెనుక షూలూ హ్యాండ్ బ్రేకే, వాటిని చిన్నచూపు చూడొద్దు.

బ్యాక్ ప్లేటు మీద షూ జారే మెట్లు ఉంటాయి. అక్కడ షూ తిని గాడి పడితే ఆకురాయితో చదును చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజు గోటితో తీసినంత రాయండి. మామూలు గ్రీజు కరిగి లైనర్ మీదికి వస్తుంది.

మీ వెనుక సిలిండరు విప్పినప్పుడు లోపల గోరుకు తగిలే గుంతలు ఉంటే రబ్బరు వాషర్ల కిట్టు మార్చినా కారుతుంది. సిలిండరు మార్చండి, లేదా స్లీవు వేయించండి. రబ్బరు వాషర్ల సైజు అంగుళాల్లో వాషరు మీదే అచ్చు ఉంటుంది, సిలిండరు లోపలి కొలతతో పోల్చుకోండి. కడగడానికి స్పిరిట్ గానీ కొత్త బ్రేక్ ఆయిల్ గానీ. కిరోసిన్, డీజిల్, పెట్రోలు తగిలిన రబ్బరు ఉబ్బిపోతుంది. వెనుక సిలిండరుకు ఒకే పిస్టన్ ఉంటే ఆ సిలిండరు మొత్తం బ్యాక్ ప్లేటు గాడిలో అటూ ఇటూ జారాలి. తుప్పు పట్టి నిలబడిపోతే ఒక షూ మాత్రమే పనిచేస్తుంది. అది ముందు అరిగి రెండోది కొత్తగా ఉందంటే కారణం ఇదే.

పానాలు అంగుళాలవి తీసుకోండి. 13 మి.మీ. పానాతో అర అంగుళం నట్టు ఊడదీయబోతే మూలలు గుండ్రమవుతాయి.

అడ్జస్ట్‌మెంట్: షూకూ డ్రమ్ముకూ మధ్య ఖాళీ సరిచేయడానికి చక్రం పైకెత్తి, డ్రమ్ము ముఖంలో ఉన్న రంధ్రాన్ని అడ్జస్టరు గాటు ఎదురుగా తెచ్చి, స్క్రూడ్రైవరుతో గడియారం దిక్కున తిప్పండి. చక్రం బిగుసుకున్నాక ఒక్క నాచ్ వెనక్కి. ముందు చక్రానికి రెండు అడ్జస్టర్లు, వెనుక ఒకటి. ముందు రెండోది మర్చిపోవడం మామూలు తప్పు, అప్పుడు పెడల్ లోతుకు పోతుంది. హ్యాండ్ బ్రేక్ కేబులు ముట్టుకునేది ఇదంతా అయ్యాకే.

బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీసే వరస: వెనుక ఎడమ, వెనుక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం గానీ డాట్ 4 గానీ, సీలు తీయని అర లీటరు డబ్బాలు రెండు పెట్టుకోండి. మూత తీసి ఏడాది ఉంచిన డబ్బా గాలిలో తేమ తాగి ఉంటుంది, పారేయండి. సిలికాన్ రకం డాట్ 5 కలపొద్దు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోయండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

అన్నీ బిగించాను. ముందు సుద్ద గుర్తు బాగుంది, వెనుక కొత్త సిలిండరు వేశాను, పెడల్ పైనే నిలుస్తోంది. సమస్య ఒకటే: పది కిలోమీటర్లు పోయాక ముందు కుడి డ్రమ్ము చెయ్యి పెట్టలేనంత వేడి. మిగతా మూడూ గోరువెచ్చగా ఉన్నాయి. బ్రేకు తొక్కితే మొదట కొంచెం ఎడమకు లాగి, వదిలాక కుడివైపు పట్టేసినట్టు ఉంటోంది.

ప్రొద్దుటూరు_పద్మిని (ప్రొద్దుటూరు)

అడ్జస్టరు ఒక నాచ్ ఎక్కువ బిగిసిందేమో?

ఇనప_పొట్టు (తాడిపత్రి)

అడ్జస్టరు బిగిస్తే తొక్కకముందు నుంచే పట్టుకోని ఉంటాది, మొదట ఎడమకు లాగదు. ఇది ఆలస్యంగా పట్టి, ఆలస్యంగా వదుల్తాంది. హోస్ పైపు మీద అనుమానం. బయటికి బాగానే కనపడతాది, లోపల రబ్బరు ఉబ్బి దారి సన్నబడతాది. కాలు బలంతో ఆయిల్ పోతాది, స్ప్రింగు బలంతో వెనక్కి రాలేదు.

చక్రం పైకెత్తి, బ్రేకు తొక్కి వదులు. చక్రం తిరక్కపోతే ఆ చక్రం నిపుల్ (గాలి తీసే మర) కొంచెం విప్పు. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే షూల తప్పు కాదు, వెనకాల ఒత్తిడి నిలిచింది. నిపుల్ విప్పినా వదలకపోతే పిస్టనో షూనో ఇరుక్కుంది. ఒక్క చక్రమే కాబట్టి హోస్. నాలుగూ పట్టేసి ఉంటే మాస్టర్ సిలిండరు కాడ చూడాల. పెడల్ పుష్ రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్యన రవ్వంత ఖాళీ లేకుంటే ఆయిల్ వెనక్కి పోయే రంధ్రం మూసుకుంటాది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

నిపుల్ విప్పగానే చిమ్మింది, చక్రం వదిలింది. హోస్ ఊడదీసి ఊదితే గాలి కూడా సరిగా పోవడం లేదు. ముందు రెండూ, వెనుక ఒకటీ, మూడు హోసులూ మార్చేశాను. ఇప్పుడు నాలుగు డ్రమ్ములూ ఒకే వేడి. ఈ లైనర్లతో శ్రీశైలం ఎప్పుడు పోవచ్చు?

గువ్వలచెరువు_కోవా (కడప)

ఇప్పుడే కాదు. ముందు చదును రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 15కు నెమ్మదిగా తగ్గించండి, ఒక ముప్పై సార్లు. ప్రతి రెండిటి మధ్యా ఒక కిలోమీటరు బ్రేకు ముట్టకుండా నడపండి, డ్రమ్ము చల్లబడాలి. సడన్ బ్రేకు కొట్టొద్దు, కొత్త లైనర్ పైన మాడి అద్దంలా గట్టిపడుతుంది. 300 కి.మీ. తర్వాత మళ్లీ చక్రాలెత్తి అడ్జస్ట్ చేయండి, అప్పటికి ఒకటి రెండు నాచ్‌లు కచ్చితంగా తీసుకుంటుంది. ఘాట్ ఆ తర్వాతే.

ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకు దూరమవుతుంది, పెడల్ కిందికి పోతుంటే అదే సంకేతం, పక్కకు ఆపి చల్లబడనీయండి. నీళ్లు మాత్రం పోయొద్దు, పోతపోసిన డ్రమ్ము పగులుతుంది. పెడల్ స్పాంజిలా మెత్తబడితే అది వేరే జబ్బు, ఆయిల్ మరుగుతోంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీలకు గానీ మరగదు, తేమ తాగినదానికి ఆ హద్దు 140 దగ్గరికి పడిపోతుంది. డాట్ 4కు ఇవే 230, 155. మన ఎండలకు నేనైతే డాట్ 4 పోసి రెండేళ్లకొకసారి మార్చేస్తా.

వానాకాలం వంక దాటాక బ్రేకు పట్టదు, డ్రమ్ములో నీళ్లుంటాయి. ఎడమ కాలితో పెడల్ సన్నగా ఒత్తి పెట్టి వంద గజాలు నడిపితే ఆరుతుంది.

పానా_పెట్టె (అనంతపురం)

బండి నెలల తరబడి షెడ్డులో పెట్టేటట్టైతే హ్యాండ్ బ్రేకు లాగి వదలొద్దు, కొత్త లైనర్ డ్రమ్ముకు అంటుకుపోతుంది. చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టండి. మిగిలిన రివెట్లు, ఆ లైనర్ పెట్టె మీది గ్రేడు నంబరు, కోసిన తర్వాత డ్రమ్ముల వ్యాసం, మూడూ ఒక డబ్బాలో పెట్టి బండిలోనే ఉంచండి. వెనుక యాక్సిల్ లైనర్లు అయిపోయేసరికి అవి కావాలి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

రాసి పెట్టాను. ముందు డ్రమ్ములు రెండూ ఒకే సైజుకు వచ్చాయి, తేడా 0.1 మి.మీ. లోపే. పాత లైనర్ ముక్కలు తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచాను. ఎక్కడ పారేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇనప_పొట్టు (తాడిపత్రి)

రెండు సంచుల్లో మూతి గట్టిగా కట్టి, పైన "ఆస్బెస్టాస్ ఉండొచ్చు" అని రాయి. పాత ఇనుము వానికి వేయొద్దు, ఇంట్లో చెత్తతో కలపొద్దు, కాల్చొద్దు. మున్సిపాలిటీ ప్రమాదకర చెత్త వేరుగా తీసుకునేటప్పుడు వాళ్లకు చెప్పి చేతికియ్యి. అంతదాకా పిల్లోళ్లకు అందకుండా షెడ్డులో పైన పెట్టు.